తొమ్మిదో వరుస

జీఎన్టీ రోడ్డు పక్కన
మూడు పగళ్లు, మూడు రాత్రులు
కుర్చీ వేసుకుని బండ్లు లెక్కపెట్టాను.
లారీకో గీత, బస్సుకో గీత,
ఐదో గీత అడ్డంగా.
నెల్లూరు బియ్యం పోతుంటే గీత,
గూడూరు నిమ్మకాయలు పోతుంటే గీత,
పుళల్ చెరువు నీళ్లు ట్యాంకర్లోంచి కారుకుంటూ పోతుంటే
తడిసిన గీత.

ట్రంకు రోడ్డంటే పెట్టెలాంటిదని చిన్నప్పుడనుకునేవాణ్ణి.
తప్పేం కాదు.
ఎవరి సామాను వాళ్లు కుక్కుతారు,
మూత మాత్రం పడదు.

మనుషుల్ని లెక్కపెట్టడానికి
వేరే కాగితమిచ్చారు. చిన్నది.

కావాంగరై దాటాక, రైసు మిల్లు ఎదురుగా
డివైడరుకి ఒక పన్ను ఊడింది.
ఎవరు పీకారో ఏ ఫైల్లోనూ లేదు.
ఆ సందులోంచి పొద్దున ఏడున్నరకి
మిల్లు ఆడోళ్లు, బడి పిల్లలు,
ఒకసారి తల్లిని వెతుక్కుంటూ ఒక దూడ.
అక్కడ నిలబడుతుంది చెంగమ్మ.
మిల్లులో తవుడు జల్లించడం ఆమె పని; అది తర్వాత.
ముందు తలకి చుట్టిన ఎర్ర తువ్వాలు విప్పి
రోడ్డుకి అడ్డంగా పడుతుంది.
పద్దెనిమిది చక్రాల లారీ
మూలుగుతూ, తిట్టుకుంటూ, ఆగుతుంది.
"నడవండబ్బా, పరిగెత్తబాకండి!"
దీనికి జీతం లేదు. విజిల్ కూడా లేదు.
నాలుక మడిచి తనే ఊదుతుంది.

పద్నాలుగు చోట్లు బాగు చెయ్యాలి,
డబ్బు నాలుగింటికే వచ్చింది.
"అందరూ బంధువులేనయ్యా,
విస్తళ్లే నాలుగు" అన్నారు
మా పెద్ద ఇంజనీరు ధనకోటి గారు.
వరుస కట్టమన్నారు.
రద్దీకి ముప్పై మార్కులు,
ఖర్చు తక్కువైతే ఇరవై,
స్థలం గొడవ లేకపోతే పది,
మూడేళ్లలో పోయిన ప్రాణాలకి నలభై.

మూలకడైకి ఆరుగురు.
మాధవరం రౌండుఠాణాకి నలుగురు.
పాడియనల్లూరుకి ఇద్దరు, ఒకరు కొత్త పెళ్లికొడుకు.
రైసు మిల్లు సందుకోసం
స్టేషన్లో రిజిస్టరు మూడుసార్లు తిరగేశాను.
సున్నా.
విరిగిన కాలు కూడా లేదు.

నలభైకి సున్నా.
టేబులు మీద పెన్ను పెట్టి
చాలాసేపు ఆ సున్నాలోకి చూశాను.
ఆ ఎర్ర తువ్వాలే
ఆ చోటి మార్కులు తినేసింది.
ఆమె ఒక్క పొద్దు జ్వరమొచ్చి పడుకునుంటే
ఈపాటికి...
ఆ వాక్యం నేను పూర్తి చెయ్యలేదు.

"జరగనివాటికి కూడా ఒక గడి పెడదాం సార్."
ధనకోటి గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.
తుడిచినవే మళ్లీ తుడుచుకున్నారు.
"జరగనిదాన్ని ఎట్లా లెక్కేస్తావయ్యా?"
నిజమే.
ఐదో గీత ఎక్కడ అడ్డం గియ్యాలి?

మట్టి పరీక్షవాళ్లతో మళ్లీ అటు వెళ్లినప్పుడు
తవుడు దుమ్ములోంచి చెంగమ్మే బయటికొచ్చింది,
రెప్పలు కూడా తెల్లగా.
"ఏం సామీ, మాకెన్నో నెంబరొచ్చింది?"
"తొమ్మిది."
"పది లోపలేనే!" అని పక్కావిడ భుజం చరిచింది.
"మా మనవరాలికి బళ్లో ముప్పై నాలుగు!"
నేను నవ్వలేదంటే అబద్ధం.
నవ్వాను.
ఆ నవ్వు ఇంకా గొంతులో చేపముల్లులా ఉంది.

ఆ రాత్రి పట్టికలో అన్నిటికన్నా చివర,
'ఇతర వివరాలు' అన్న వేలెడు జాగాలో
అక్షరాలు ఇరికించి రాశాను:
ఇక్కడ ప్రమాదాలు లేకపోవడానికి కారణం రోడ్డు కాదు.
కారణానికి వయసు యాభై ఎనిమిది.
కారణానికి ఎడమ మోకాలు నొప్పి.

ఫైలు పైకి పోయింది.
కిందికి రాలేదు.

పొద్దున ఏడున్నరకి ఇప్పుడెక్కడున్నా
చెయ్యి దానంతటదే గడియారం వైపు తిరుగుతుంది.
ఒక్కోరోజు, ఎవరూ లేకుండా చూసి,
నాలుక మడిచి ఊదుతాను.
వట్టి గాలి వస్తుంది.