చీమల తొవ్వ

బుధవారం పొద్దుగాల తాళం తీస్తే
గడప మీద నల్ల దారం పడ్డట్టు ఒక గీత.
కదులుతుంది.
బాలామృతం సంచి కాడ మొదలైతుందో
ఆడ ఆఖరైతుందో తెల్వదు.
నాలుగొద్దుల నుంచి అచ్చంపేట దిక్కంత ఒక్కటే ముసురు,
పుట్టలల్ల నీళ్లు జొచ్చి
అంగన్‌వాడి అర్ర మీద పడ్డయి.

నర్సింగు మందు డబ్బ తెచ్చిండు,
పత్తికి కొట్టంగ మిగిలిందట.
"జరంత చల్లు వదినా, మాపటికి ఒక్కటుండదు."
నేను డబ్బ దిక్కు సూసిన,
ఎన్కకు తిరిగి బండల దిక్కు సూసిన.
పద్దెనిమిది మంది ఆ బండల మీదనే కూసుంటరు,
ఆడనే పండుకుంటరు,
జారిపడ్డ గుడ్డు ముక్కను
ఆడికెల్లే ఏరుకొని నోట్లేసుకుంటరు.
గౌతమ్ గానికైతే ఏది దొరికినా నాలికెతోటే పరీక్ష,
గోలీ, గుండీ, నా కాలి మెట్టె.
మందును మాత్రం ఎందుకిడుస్తడు?

"తీస్కపో నర్సింగూ,
నీ ఇంట్ల గూడ కింద పెట్టకు."

దుకాణంల చీమల చాక్‌పీసు దొరుకుతది, పది రూపాయలు.
గోడ పొంటి గీస్తే దాటయంట.
కొననీకె పోయిన, చేతుల గూడ పట్టుకున్న.
అప్పుడు యాదికొచ్చింది:
తెల్ల గీత కనవడితే వేలు పెట్టి దిద్దాలె అని
మేమే నేర్పినం ఈ పోరగాండ్లకు.
దిద్దిన వేలు ఆఖరికి నోట్లకే పోతది.
మల్ల పెట్టేసి
ఒక సబ్బుబిళ్ల తీసుకొని వచ్చిన.

పగటీలి అందరు పండుకున్నంక
మోకాళ్ల మీద వంగి గీత వెంట పోయిన.
సంచి కాడికెల్లి తూకం మిషిని కిందికి,
ఆడికెల్లి కిటికి పగులు దాంక.
నడుమ ఒక పాయ చీలి
చాప కిందికి పోయింది.
చాప లేపితే సగం కొరికిన లడ్డ.
మన్విత జాగ అది.
పిల్ల పండుకోలే, ఒక కన్ను తెరిచి నన్నే సూస్తుంది.
"ఎందుకు పెట్టినవే?"
"గవి గూడ లైన్ల నిలవడ్డయి గదా, ఆయమ్మా."

ఏమనాలె ఇగ?
లైన్ల నిలవడితేనే లడ్డ అని
దినాం అరిసేది నేనే.

ఆ దినం నుంచి బాలామృతం స్టీలు డబ్బలకెక్కింది.
బల్ల నాలుగు కాళ్ల కింద నాలుగు మూతలు,
మూతలల్ల వేలు మునిగేటంత నీళ్లు.
దోమలు పెడతయని పొద్దుమాపు పారబోసుడు.
గీత నడిచినంత మేర సబ్బునీళ్ల బట్ట,
దాని మీద నిమ్మతొక్క రాసుడు.
కిటికి పగులుకు
మేస్త్రీ బుర్హాన్ ఇంటికాడ అడుక్కొచ్చిన పిడికెడు సిమెంటు,
అది గట్టిపడే దాంక పోరగాండ్లు రాకుంట ముంగట నేనే కూసున్న.
తిన్న ప్రతిసారి తుడుసుడు. నడుము పోయింది.

ఒక్కనాడు పోలే అవి.
రెండొద్దులు గోడ మీద తిరుగుడే తిరుగుడు,
వాసన చెడి, ఊరు పేరు మర్సిన పెండ్లిజనం లెక్క.
మూడో దినం పలుచవడ్డయి.
మన్విత రోజు లెక్కవెడుతుంది,
"తొమ్మిది రాలే, ఆయమ్మా."
బయట బోరు గద్దె పక్కన దానికొక జాగ సూపిచ్చిన,
ఒక్క లడ్డ నలుసు, అంతే, అని.
నలుసంటే దాని లెక్కల పిడికెడు.

సూపర్‌వైజర్ మేడమొచ్చి
రిజిస్టర్ల "శుభ్రంగ ఉన్నది" అని రాస్తుంటే
ఒక్కటి, ఎక్కడికెల్లి వచ్చిందో,
ఆ అక్షరాల మీదికెల్లి నడిచి పోయింది.
మేడం సూడలే. నేను సెప్పలే.

మాపటికి పోతపోత నర్సింగు ఇంట్లకు తొంగి సూసిన.
మందు డబ్బ కుండ పక్కనే, మూత వదులుగ.
బిడ్డ పాక్కుంట అటే వస్తుంది.
ఎత్తి సంకలేసుకున్న.
డబ్బకు మూత బిగిచ్చి, నిచ్చెనేసి,
అటుక మీద పెట్టెల పెట్టి తాళమేసే దాంక
గడప ఇడువలే.

నర్సింగు తల్లి చాయ పోసింది.
చాయల ఒక చీమ తేలుతుంది.
"కండ్లకు మంచిది, తాగు" అన్నది.
ఊదుకొని తాగిన.