కాకిబంగారం

పొగతోటలో రెండో అంతస్తు.
హెప్సిబా నా నుదుటి మీద
ఉప్పునీళ్ళలో తడిపిన స్పాంజి పెట్టి
రబ్బరు పట్టీ బిగిస్తా వుండాది.
"చీమలు పాకినట్టుంటది పెద్దమ్మా, అంతే.
రెండు మిల్లీయాంపులు. టార్చిలైటుకి కూడా చాలదు."

ఒక చుక్క చెవి పక్కనించి జారి
పెదవి దాకా వచ్చింది.
ఇస్కపల్లి ఉప్పేమో, నాలిక మీద చురుక్కుమంది.

ఆ పిల్లకి తెలీదు
ముప్పై ఏళ్ళు నేను కరెంటుని ఆపే పని చేశానని.
సైదాపురం షెడ్డులో గోనెపట్టా మీద కూచుని
అభ్రకం దిమ్మ అంచుని కత్తిమొనతో గిల్లి
ఊదితే లేచిపోయే రేకు తీసేదాన్ని.
ఆరో నెంబరు, ఐదున్నర నెంబరు.
మచ్చ వుంటే పక్కకి, పగులుంటే బయటికి.
సాయంత్రం ఇంటికొస్తే
సంగట్లో కూడా మెరుపు తగిలేది.
పాత ఇస్త్రీపెట్టె ఏదన్నా విప్పి చూడండి,
తీగచుట్టకీ ఇనుముకీ మధ్య
నా వేలిముద్ర వుంటే వుండొచ్చు.
అడ్డం వుండడమే ఆ రేకు పని.
కాలతా కూడా అడ్డం వుండడం.

ఇప్పుడు నా తలలోనే అడ్డాలు పడ్డాయంట.
పాలబ్బాయికి ఒకే నెలకి రెండుసార్లు డబ్బులిచ్చా.
కసుమూరు మస్తాను పేరు పెట్టారు నాకు;
బ్యాంకులో ఆ మస్తానమ్మ అన్న సంతకం చెయ్యబోతే
పెన్ను గాల్లోనే ఆగిపోయింది,
వెనక క్యూ అంతా దగ్గింది.

అందుకే ఈ పరీక్షలో చేరా.
సగం మందికి నిజం కరెంటు, సగం మందికి ఉత్త పట్టీ.
ఎవరికేదో హెప్సిబాకీ తెలీదంట,
ఆ తెల్ల డబ్బాకే తెలుసంట.
నేను చెప్పగలను. చెప్పను.

ఇరవై నిమిషాలయ్యాక పదిహేను మాటలు చదువుద్ది,
నేను తిరిగి అప్పజెప్పాలి.
వారం వారం అవే మాటలు, వరస మార్చి.
గొడుగు, సొరకాయ, తాళం, మేక,
రైలు, నిచ్చెన, దువ్వెన, జల్లెడ...
మొదటి వారం ఆరు.
మూడో వారం తొమ్మిది.
నాలుగో వారం జొరమొచ్చి పోలా.
ఇయ్యాళ పద్నాలుగు!
హెప్సిబా చప్పట్లు కొట్టి, కింద అంగట్లోంచి
టీ తెప్పించింది.
"ఒక్కటే పెద్దమ్మా, ప్రతిసారీ అదొక్కటే పోతా వుంది.
నిచ్చెన."

పోలేదమ్మా.
నువ్వు నోరు తెరవకముందే అది వచ్చి
గోడకి ఆనుకుని నిలబడుద్ది.

తొంభై అడుగుల గని. సర్వికొయ్య నిచ్చెన.
పైనించి పదకొండో మెట్టు చీలి వుందని
పొద్దున్నే చూసింది నేను.
మేస్త్రీకి చెప్పాలనుకున్నా.
తూకం కాడ చెంగమ్మతో అరకిలో కోసం తగువు పడి
మరిచిపోయా.
అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు.
లెక్కలన్నీ నోటి మీద వుండే వయసు,
ఎవరెంత చీల్చారో, ఎవరికెంత బాకీనో.
ఆ ఒక్క మాట మరిచిపోయా.
మా తమ్ముడు మాలకొండయ్య దిగాడు,
చంకలో సద్దిగిన్నెతో.

"ప్లస్సూ మైనస్సూ తిరగేసి పెడితే
మరుపొస్తదా అమ్మా?" అనడిగా.
నవ్వింది. నుదురు తుడిచింది.
స్పాంజి అంత మేర చర్మం ఎర్రగా వుందంట,
గంటలో పోద్దంట.

పద్నాలుగు అని రాసుకుంది కాయితం మీద.
రాసుకోనీ.
ఆ ఖాళీ గడి అట్టాగే వుండనీ.
తీగకీ ఇనుముకీ మధ్య ఒక రేకన్నా లేకపోతే
ముట్టుకున్నోళ్ళకల్లా షాకు కొడుద్ది.

టీలో చక్కెర వెయ్యడం మరిచారు ఎవరో.
నేనేం అనలా.
తాగేశా.