వీధి ముక్కు

బరంపురం పెద్దబజారు వెనక
మా మగ్గాల వీధిలో ఎవరు నూనె కొన్నా
ముందు నాకే కేక.
"తవిటొదినా, ఓసారి ముక్కు పెట్టు."
పాతికేళ్ళుగా ఈ ముక్కుదే తీర్పు.
పాత గింజా, పొగచూరిన కొబ్బరా,
ఆవనూనెలో ఎవడేం కలిపాడో
సీసా వంచకముందే చెప్పేసేదాన్ని.

నిరుడు భాద్రపదంలో జ్వరమొచ్చింది.
తొమ్మిదోనాడు దిగిపోతూ
వాసనలన్నీ మూటగట్టి పట్టుకుపోయింది.
ఎవరికీ చెప్పలేదు.
పాలగిన్నె ముందే నిలబడి ఉన్నాను,
"ఏటి మాడుతోందే?" అన్నాడు మా ఆయన.
"పక్కింట్లో" అన్నాను.

రిఫైండు డబ్బాల్ని చూసి నవ్వేదాన్ని,
వాసన లేని నూనె పేరు లేని మనిషని.
ఇప్పుడు నాకు
లోకమంతా రిఫైండే.

ఇవాళ వీధి మొత్తానికి నలభై లీటర్లు కావాలి.
ఉద్దానం నుంచి లేత పనసలు దిగాయి.
ఈసారి కొబ్బరినూనెలోనే వండాలని అందరి పంతం.
తలకి రాసేది కూరలో పోస్తారా అని
మూతి తిప్పిన రుద్రాణి
పోయినేడు మా ఇంట్లో మారు వడ్డించుకుంది మరి.

దండాసి సాహు గానుగశాల.
బల్లమీద మూడు సీసాలు పెట్టాడు.
మాఘమాసపు పొద్దు, మూడూ పేరుకుని ఉన్నాయి.
ఒకటి పాత పంచెలా పచ్చబడ్డ తెలుపు,
కొబ్బరిని పొగలో ఎండేసి ఉంటారు.
దానికి ముక్కెందుకు, కళ్ళు చాలు. పక్కకి నెట్టాను.

"కొబ్బరి చూపించు" అన్నాను.
కురిడీ తెచ్చాడు. విరిస్తే ఫటేలుమంది.
బూజు చార లేదు.
మరీ సున్నం కొట్టినట్టుంటే గంధకం పొగ పెట్టినట్టు.
ఇది మనిషి పంటి తెలుపే.
గుంటగరిటెలో కాయించాను, రెండు సీసాలవీ.
తడి ఉంటే చిటపటలాడి బయటపడేది.
రెండూ పెదవి విప్పలేదు.
కరిగాక గరిటె అడుగున గీత కనబడింది,
రెంటిలోనూ.

ఇంక వాసనొక్కటే మిగిలింది.

దండాసి చేతులు కట్టుకు నిలబడ్డాడు.
వాళ్ళ నాన్న బతికుండగా
నేను తల ఊపేదాకా రేటు చెప్పేవాడు కాదు.
సీసా ఎత్తాను, కళ్ళు మూసుకున్నాను,
గుండె నిండా గాలి పీల్చి
మెల్లగా తలూపాను.

"మావుసీ," అంది మనవరాలు ఝిల్లి,
"మూత తియ్యలేదు నువ్వు."

దండాసికి హఠాత్తుగా
మోటారు బెల్టులో ఏదో పని తగిలింది.
అటు తిరిగిపోయాడు.

పిల్ల సీసా లాక్కుని మూత తీసింది,
ముక్కు మొత్తం లోపల పెట్టేసింది.
"ఇది ఎండలో వేసిన మంచంలా ఉంది."
"మరి అది?"
"పెళ్ళి లడ్డూ. డబ్బాలో మర్చిపోయిందిలే, చాలా రోజులు."

లడ్డూ నూనె చుక్క నాలుక మీద వేసుకున్నాను.
తియ్యగానే దిగింది,
కొండనాలుక దగ్గరకొచ్చి గోరు పెట్టి గీరింది.
ముక్కు ఊళ్ళో లేకపోయినా
గొంతు ఇంట్లోనే ఉందన్నమాట.
మంచం నూనె ఏ గొడవా లేకుండా జారిపోయింది.

"అది దసరాకి ఆడిందమ్మా,"
బెల్టు దగ్గర్నుంచే అన్నాడు దండాసి,
"ఇది మొన్న మంగళవారం."
అడిగానా నేను?
నలభై లీటర్లూ కొలిచినంతసేపు
నా మొహం వైపు చూడలేదు మహానుభావుడు.
పిల్ల మాత్రం చూస్తూనే ఉంది.
దాని చేతిలో జీడిపప్పు పొట్లం పెట్టాను.
కూలీయో, లంచమో, నాకే తెలీదు.

రాత్రి రుద్రాణి ఇంట్లో పనస కూర.
ఆవపిండి ఘాటు కళ్ళకి తెలిసింది,
ఉప్పు నాలిక్కి తెలిసింది.
"ఎలా ఉందొదినా వాసన? చెప్పు, నువ్వు చెబితేనే."
"ఎండలో వేసిన మంచం" అన్నాను.

రుద్రాణి నమలడం ఆపింది.
ఎంగిలి చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని
చాలాసేపు అలాగే ఉండిపోయింది.