ఛర్రాల లెక్క

ఉస్మాన్‌గంజ్ గోదాము, రాత్రి పదిన్నర.
షట్టరు సగం దించి, ఫ్యాను ఆపి
ఖైసర్ సాబు పాత లుంగీ మడతల్లోంచి
గన్ను తీస్తాడు.
మందుగుండు ఉండదు దానికి,
స్ప్రింగే ఊపిరి.
నడుముకాడ విరిచి వంచితే
లోపల ఏదో ముసలాయన లేచి కూర్చున్నట్టు
కిర్రుమంటుంది.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు.
పగలు పద్దుల గుమస్తాని,
రాత్రి టార్చి గుమస్తాని.
టార్చి మూతికి ఎర్ర జిలుగు కాగితం, రబ్బరుబ్యాండు.
"ఎరుపు దానికి ఆనది బేటా,
మనకు ఆనితే సాలు."

ఛర్రాలు అద్దం పలక మీద దొర్లిస్తాడు.
తిన్నగా నడిచింది డబ్బీలోకి.
పక్కకు ఒరిగింది నా చేతిలోకి:
"చేపలు పట్టేటోళ్లకియ్యి, గాలానికి బరువైతది."
పొద్దునే ఇరవై అంగల్లో అగ్గిపెట్టె నిలబెట్టి
ఐదు కొట్టాడు,
ఐదు బొక్కలూ రూపాయి బిళ్ళ కింద దాక్కున్నాయి.
వెనకగోడ నిండా తవుడు బస్తాలు పేర్పించాడు.
రాయికి తగిలిన సీసం
కొట్టినోడి కన్నే వెతుక్కుంటుందట.

"గట్టిగ పట్టకు.
అరచేతిల ఆననియ్యి, గంతే.
దాని తన్ను దాన్ని తన్ననియ్యి.
ఊపిరి సగం ఇడువు,
సగం లోపట వెట్టుకొని కూసో."

గడప కింద బొక్క. కొత్త మట్టి, ఇంకా తడి.
ముందు వాసన వస్తుంది,
తర్వాత గురగుర,
ఆ తర్వాత పందికొక్కు.
ఎర్రటి మసక వెలుగులో రెండు కాళ్ల మీద లేచి
మీసాలతో గాలిని తూకం వేస్తుంది.
కంటికీ చెవికీ నడుమ పావలా అంత చోటు.
తప్.
తడిబట్ట బండకేసి కొట్టినంత చప్పుడు.

రెండు రాత్రుల్లో తొమ్మిది.
మూడో రాత్రి గన్ను నాకిచ్చాడు.
నేను ఊపిరి మొత్తం వదిలేశాను.

అది నా వైపోసారి చూసి
తాపీగా బొక్కలోకి పోయింది.
"ఛర్రా ఎటు వాయె?"
సోనామసూరి వైపు.
పదకొండు బస్తాలు, తెల్లారి ఐదింటికి
ఏదో హాస్టలుకు పోవాల్సినవి.
అన్నింటికీ కొక్కు కొరికిన చిల్లులే,
నా చిల్లు ఏదో తెలియదు.

ఖైసర్ సాబు ఒక్క మాటనలేదు.
చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి
చేట అందుకున్నాడు.
చెరుగుతూనే ఉన్నాం.
ముక్కుల్లో తవుడు, రెప్పల మీద తవుడు,
ఆయన గడ్డం ఒక్క రాత్రిలో ఇంకో పదేళ్లు నెరిసింది.
మూడున్నరకు అదే పందికొక్కు మళ్లీ వచ్చి
మా కాళ్ల ముందే నూకలు తిన్నది.
గన్ను గోడకుంది, ఎవరమూ లేవలేదు.
దయ కాదు,
రెక్కలు పడిపోయి ఉన్నాయి.

తొమ్మిదో బస్తాలో దొరికింది,
పొట్టు తీయని మినప్పప్పంత.
దాని గుంటలో ఒక నూక ఇరుక్కుని ఉంది.
ఆయన దాన్ని నాలుక మీద పెట్టుకోబోయి, నవ్వి,
నా జేబులో వేశాడు.

ఆ పొద్దున పద్దులో మూడు గళ్లు గీశాను:
తీసినవి, పేల్చినవి, దొరికినవి.
జీవాల్లోంచి కోసి తీసినవీ లెక్కలోకే.
సేటు అడిగితే తరుగు అని చెప్పాను.

ఇప్పుడు గోదాము కాటేదాన్‌కి మారింది.
ఖైసర్ సాబు లేడు.
గన్ను స్ప్రింగు మెత్తబడి
పిల్లి దగ్గినట్టు దగ్గుతుంది.
ఆ పాత పద్దు మాత్రం నా దగ్గరే ఉంది:
పేల్చినవి రెండువందల పద్నాలుగు,
దొరికినవి రెండువందల పదమూడు.

ఎవరింట్లో తిన్నా సరే
మొదటి ముద్ద
వేలితో ఒత్తి చూస్తాను.