సందుల లెక్క

మా ఆఫీసు కాగితంలో గోడ అంటే
ఒక గీత.
ఇవతల ఏరు, అవతల ఇళ్ళు.
గీతకి ఆనుకున్న నీటి వేగం సున్నా అని రాస్తాం,
రాసి టీకి వెళ్తాం.

యనమలకుదురు కట్ట కింద నాంచారమ్మ
ఇనప వల బుట్టల్లో రాళ్ళు పేరుస్తోంది.
కొండపల్లి వైపు క్వారీ రాయి, నల్లది,
చేతిని కోసేంత పదును.
ఒక్కోటీ తిప్పి చూసి, పక్కదానికి ఒరిగించి,
మధ్య సందులోకి పిడికిలి దూరుస్తుంది.
"పిడికిలి దూరాల. తల దూరకూడదు."
నేను టేపు తీశాను.
నా చెయ్యి పట్టుకు చూసి నవ్వింది:
"నీ పిడికిలి చిన్నది సారూ, ఏటికి చాలదు."

పెద్దసారు తనిఖీకి వచ్చారు.
బుట్టల మొహం ఫొటోలో చెత్తకుప్పలా ఉందట.
సిమెంటు పూయించమన్నారు.
నలభై మీటర్లు పూయించాను.
నాంచారమ్మ తట్ట ఎత్తలేదు.
"మొహం మూసేస్తే ఊపిరెట్టా?"
ఎవరికి అన్నాను, గోడకా, ఏటికా?
ఆమె కొంగుతో చెవిలో దుమ్ము తుడుచుకుంటూ
"తెలిసే అడుగుతున్నావా?" అంది.

భాద్రపదంలో పులిచింతల వదిలారు.
బ్యారేజి సైరను రెండోసారి మోగేసరికి
నేను గొడుగు, టార్చితో కట్ట మీద ఉన్నాను.
నీళ్ళు కనబడక ముందే వాసన వచ్చింది,
తడి మట్టి, డీజిలు, ఎక్కడో మునిగిన పసుపుతోట.

సిమెంటు దగ్గర ఏరు
కొట్టింది, వెనక్కి తిరిగింది, తన మీద తనే పడింది.
ముందుకు దారి లేని కోపం
గోడ వెంట కిందికి దిగింది,
పాదాల దగ్గర ఇసక తవ్వుకుంటూ.
పైన మాత్రం నున్నగా, ఫొటోలో లాగే.

పది అడుగుల అవతల, పూత లేని చోట,
ఒక బంతిపువ్వు కొట్టుకొచ్చింది.
రాళ్ళ అంచున ఆగుతుందనుకున్నాను.
ఆగలేదు. మెల్లగా జారింది.
నా కాగితంలో లేని ఆ కాస్త వేగం
టార్చి వెలుగులో నారింజ రంగులో ఉంది.
చటుక్కున లోపలికి పోయి
రెండు బారల దిగువన వేరే సందులోంచి తేలింది,
సగం రేకులతో.
మళ్ళీ లోపలికి.

గోడ పీలుస్తోంది, విడుస్తోంది.
చప్పుడు ఎలా ఉందంటే,
బెంజి సర్కిల్ పాకలో వందమంది ఒక్కసారే
వేడి టీ జుర్రుతున్నట్టు.
లోపలికి పడ్డ సుడి ఒక్కోటీ
రాయికీ రాయికీ మధ్య ఒరుసుకుని, చీలి,
పేలికలై బయటికొచ్చి పైనీటిని కెలుకుతోంది.
అక్కడ ఏరు ఇంకా ఎక్కువ మరిగింది,
గరుకు గోడ దాన్ని పట్టి పట్టి లాగింది.
శాంతించిందని రాస్తే అబద్ధం.
ఖర్చయింది, అంతే.

నాలుగో రోజు నీళ్ళు తీశాయి.
సిమెంటు ముక్క నిటారుగానే ఉంది.
చెప్పుకాలితో తన్నితే
ఖాళీ బిందెలా పలికింది.
కింద మనిషి కూర్చునేంత బొరియ.
బుట్టల్లో ఒకటి పొట్ట జారి
ఏటి వైపు వంగింది, తీగ తెగలేదు.
సందుల నిండా ఒండ్రు, ఒక పిల్లల చెప్పు,
బతికున్న ఎండ్రకాయ.

నాంచారమ్మ వచ్చి పిడికిలి దూర్చింది.
సగమే వెళ్ళింది.
"కాస్త తాగి మిగిలిందిలే" అంది,
ఎవరినన్నదో అర్థం కాలేదు.
తర్వాత బిల్లు సంగతి అడిగింది.

కొలతల పుస్తకం తెరిచాను.
రాతికే డబ్బు.
ఖాళీ కింద నూటికి ముప్ఫై కోత.
"రాళ్ళు లారీ తెచ్చింది సారూ,
సందులు నేను పెట్టా" అంది.

పెన్ను చాలాసేపు గాల్లో ఉంది.
ఆ నెల కూడా
కోసే పంపాను.