పెద్ద మంట మీద

ఎముకల్లేకుండా కొయ్యమంటే
కంచరపాలెం కోళ్ల కొట్టు సూరప్పడు నవ్వాడు:
"ఎముక లేకపోతే రుచేటి బాబూ?"

మా ఇంట్లో వేపుడంటే
సన్న సెగన గంటసేపు.
ఇది ఆరు నిమిషాల వంట.
తరగడానికే గంట పట్టింది:
బీన్సు, కేరట్టు, కాస్త వాడిన కేప్సికం.

మూకుడు పొగలు చిమ్మాలి,
చెయ్యి ఆగకూడదు.
సముద్రపు గాలికి ఉప్పు మళ్లీ గడ్డకట్టింది,
చెంచా కాడతో పొడిచి పొడిచి రాల్చాను.
కోడి తెల్లబడింది, కూరలు మెరిశాయి.
సిలిండరు ఈ పూటకి పరువు నిలిపింది.

ఆఖర్న జీడిపప్పు, నేతిలో దోరగా.
పలాసదని పూర్ణా మార్కెట్టులో
రేటు చూడకుండా కొన్నాను.

మా అత్త దాలమ్మ
పలాసలో ఇరవయ్యేళ్లు పిక్కలు కొట్టింది.
జీడిసొన కాల్చిన వేలికొసలు
ఇప్పటికీ నున్నగా, గీతల్లేకుండా ఉంటాయి.
ఆధారు కార్డువాళ్లు మూడుసార్లు తిప్పి పంపారు.

"ఒక్క పప్పు నోట్లో ఏసుకుంటే
ఆ పూట కూలి కోసీవోరు" అని
ఎప్పుడో ఒకసారి అంది,
ఎవరి మీదా కోపం లేకుండా.

పళ్లెం ముందు పెట్టాను.
కోడిని ఓ పక్కకి నెట్టింది.
పప్పులన్నీ ఏరి అంచున వరసగా పేర్చింది.
ఒకటి వెలుగులోకి ఎత్తి చూసింది.

"రొండొందల నలభై రకమని అమ్మీసినాడా అల్లుడూ?
ఇది మూడొందల ఇరవై.
నిన్ను ముంచీసినాడు."

అప్పుడు తింది,
ఒక్కొక్కటీ, పెద్దదాంతో మొదలుపెట్టి.

కేరట్టు పచ్చిగా ఉందంది.