నూట అరవై

ఎనిమిది రోజులు గోడ మీద పెన్సిలుతో రాశా.
పొద్దున్న ఆరింటికి రెండొందల పద్దెనిమిది.
మధ్యాహ్నం రెండొందల మూడు.
సాయంత్రం ఏడింటికి, రొయ్యల గుంటల్లో ఏరేటర్లు
ఒకదాని వెనక ఒకటి తిరగడం మొదలయ్యాక
నూట డెబ్బై ఒకటి.
శనివారం నూట అరవై ఆరు.
ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు.

ముత్తుకూరులో కరెంటుకి కూడా ఆటుపోట్లుంటాయి.

ఈ సంగతి చెబితే స్టోన్‌హౌస్‌పేటలో జిలానీ నవ్వాడు.
"ఏసీ డీసీ రెండూ ఉండేది తీసుకోన్నా,
రెండొందల ఆంపియర్లు.
రేపు అల్యూమినియం పనొస్తే ఏం జేస్తావ్?"
అతని షాపులో రేపటికి పసుపు రంగు, నాలుగు చక్రాలు,
చిన్న టీవీ లాంటి తెర.
లేపి చూశా. ఇరవై నాలుగు కిలోలు.
బరువు నేను మోస్తా.
దాని ఆకలి మా వైరు మోయలేదు.

మాది రెండు కిలోవాట్ల ఇల్లు.
ఒక ఫ్రిజ్జు, రెండు ఫ్యాన్లు, రెబ్కా గ్రైండరు.
స్తంభం మీంచి వచ్చే తీగ
కాకి వాలితే ఊగుతుంది.
లైన్‌మన్ చెంగయ్య తలెత్తి చూసి అన్నాడు:
"త్రీ ఫేజు కావాలంటే డబ్బు కట్టు,
కొత్త ట్రాన్స్‌ఫార్మరు మాత్రం అడగబాక."

నవ్వొచ్చే మాట ఒకటుంది.
సముద్రం పక్కన బొగ్గు కంపెనీ కట్టేటప్పుడు
బాయిలరు గొట్టాలు అతికినోళ్లలో నేనొకణ్ణి.
కంటికందని వెనక వైపుని
చిన్న అద్దంలో చూస్తా, తలకిందులుగా
మంటను నడిపిన చెయ్యి ఇది.
ఎక్స్‌రే తీసి మచ్చ లేదన్నారు.
తర్వాత పనీ లేదన్నారు.
ఆ గొట్టాల ఆవిరిలో పుట్టిన కరెంటు
పెద్ద పెద్ద టవర్లెక్కి మా మిద్దె మీదుగానే పోతుంది,
ఎక్కడికో,
తల వంచి చూడకుండా.

ఏరేటరు షాఫ్టు, పడవ డీజిలు ట్యాంకు,
హోటలు వాళ్ల స్టీలు బల్ల,
నాకొచ్చే పనులు ఇవే.
రెండు మిల్లీమీటర్ల రేకుకి ఎనభై ఆంపియర్లు చాలు.
మించి తిప్పితే బంగారు రంగు దాటి, నీలం దాటి
బొగ్గవుతుంది స్టీలు.
అల్యూమినియం వస్తే నెల్లూరు పంపిస్తా,
అక్కడోళ్లూ బతకాల గదా.

మూల బెంచీ కింద దుమ్ములో కనపడింది చిన్నది.
నూట అరవై ఆంపియర్లు, డీసీ ఒక్కటే.
వెనక రేకు మీద సన్నటి అక్షరాలు, కళ్లజోడు పెట్టుకుని చదివా:
నూట అరవై ఓల్టుల దాకా పనిచేస్తుంది.
శనివారం గుర్తొచ్చింది.
ఆరు ఓల్టులు మిగులు.
కింద ఇంకో వరస:
పది నిమిషాల్లో ఆరు నిమిషాలు మంట,
నాలుగు నిమిషాలు విశ్రాంతి.
పద్నాలుగేళ్లలో ఏ కాంట్రాక్టరూ నాకు రాసివ్వని మాట
ఒక రేకు డబ్బాకి రాసిచ్చారు.

"నీ చేతికి తక్కువన్నా అది," అన్నాడు జిలానీ.
మిగిలిన డబ్బు ఆర్గాన్ సిలిండరుకి అడ్వాన్సు కట్టా.
బూడిదరంగు కొసలున్న టంగ్‌స్టన్ పుల్లలు పది,
లావు వైరు ఇరవై మీటర్లు.
ఆటోవాడు ముగ్గురి ఛార్జీ తీసుకున్నాడు.

మొదటి పని తెల్లారి నాలుక్కి.
రెండొందల ఇరవై ఆరు.
రెబ్కా ఇడ్లీ గిన్నె అడుగున వెంట్రుకంత చీలిక.
గ్రైండరు ఆపమన్నా.
"నీది ఆరు నిమిషాలే గదా,
అది చల్లారే నాలుగూ నాకియ్యి," అంది.

పక్కింటి పిల్లోడు పరీక్షకి చదువుతున్నాడు.
వాళ్ల ట్యూబ్‌లైటు వెలుగు మా గోడ మీద పడుతుంది,
సరిగ్గా పెన్సిలు అంకెల మీద.
దాన్నే చూస్తా బటను నొక్కా.
ఒకసారి రెప్ప వేసింది.
నిలబడింది.

ఆరంగుళాల దారి.
ఆగినప్పుడల్లా గ్రైండరు చప్పుడు, నానిన మినప్పప్పు వాసన.
సగం దాటాక చెయ్యి కొంచెం వణికింది,
అక్కడ గీత లావుగా ఉంటుంది.
ఎక్స్‌రే తీసేవాళ్లు లేరు.
రెబ్కా నీళ్లు పోసింది.
దీపానికెత్తి అడుగు తడిమింది.
ఏమీ అనలేదు,
పొయ్యి మీద పెట్టింది.